పాఠం చెబుతుంటే చూసేదెవరు?

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన దగ్గర్నుంచి మధ్యాహ్నం భోజనాల వేళ మా స్టాఫ్‌రూమ్ కోచింగ్ సెంటరైపోయింది. ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు చెప్పే టీచర్లలో రిటైర్మెంటుకి ఐదేళ్లకు మించి సర్వీసున్న వాళ్లంతా రెండేళ్లలో టెట్ (టీచర్ల అర్హత పరీక్ష) పాసవ్వాలి. ఐదేళ్లలోపు ఉన్నవాళ్లకు ఉద్యోగం ఉంటుంది గానీ, టెట్ లేకుండా ప్రమోషన్ రాదు. ఇది చదివేవాళ్లలో సగం మంది ఇళ్లలో టీచర్లు ఉంటారు కాబట్టి, ఆ టెన్షన్ ఎలా ఉందో నేను వర్ణించక్కర్లేదు.

మా బడిలో ఒకటో తరగతి చెప్పే మేడమ్ నాకంటే బాగా సీనియర్. ఆవిడ దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాళ్లు ఇప్పుడు పిల్లల తల్లిదండ్రులయ్యారు. మొన్న క్యారేజీ పక్కన బిట్ బ్యాంకు తెరిచి పెట్టుకుని అడిగారు: "మాస్టారూ, మూర్త ప్రచాలక దశ పదకొండేళ్ల దాకానా, పన్నెండు దాకానా? ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉందేంటండీ." పిల్లల ఆలోచన ఎదిగే దశల్లో ఒకదాని పేరది. ఏడేళ్ల పిల్లాడికి ఏది ఎక్కుతుందో, ఏది ఎక్కదో ఆవిడకు తెలిసినంత ఆ బిట్ బ్యాంకు రాసినాయనకు తెలుసా అని నా అనుమానం. అయినా చదువుతున్నారు, పాసవుతారు కూడా. పాసైన మర్నాడు ఆవిడ క్లాసులో ఏం మారుతుంది?

కోర్టు తీర్పు తప్పని వాదించడానికి కూర్చోలేదు. టీచర్ల కనీస అర్హతల గురించి చెప్పే విద్యాహక్కు చట్టం 23వ సెక్షన్ చదివితే కోర్టు ఆ మాట ఎందుకందో అర్థమవుతుంది. నా మనసులో ఉన్నది ఇంకా పాత సంగతి. మద్రాసు ప్రెసిడెన్సీ రోజుల నుంచి ఇప్పటిదాకా, సర్కారు బడికి టీచర్లను తయారుచేస్తామని ప్రభుత్వాలు మొదలుపెట్టిన ప్రతిసారీ కొన్నాళ్లకు ఆ పని వదిలేసి ఎంపిక చేసే పనిలో పడ్డాయి. టీచర్ని తయారుచేయడానికి డబ్బూ మనుషులూ కావాలి. ఎంపికకు ఒక ప్రశ్నపత్రం చాలు. శిక్షణలో అసలైన ముక్క, కొత్త టీచరు పాఠం చెబుతుంటే పని తెలిసినవాళ్లొకరు వెనక బెంచీలో కూర్చుని చూడటం. ముందుగా ఎగిరిపోయేదీ ఎప్పుడూ అదే.

మన్రో లెక్క

మన్రో అంటే రాయలసీమలో ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు. మద్రాసు గవర్నరుగా ఉండగా ఆయన జిల్లాల కలెక్టర్లను బడుల లెక్కలు అడిగాడు. ప్రెసిడెన్సీ మొత్తం మీద 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు తేలారు. తెల్లవాళ్లు రాకముందు మనకు చదువుందా లేదా అని ఈ అంకెల మీద చాలా కొట్లాటలే జరిగాయి. నేను అందులోకి దిగను. 1826 మార్చిలో ఆయన రాసిన నివేదికలో ఒక్క వాక్యం దగ్గర మాత్రం ఆగిపోయాను. బడి పంతుళ్లకు నెలకు ఆరేడు రూపాయలకు మించి రావడం లేదు, ఆ మాత్రానికి తగినవాళ్లు ఈ పనిలోకి రారు అని రాశాడాయన. పిల్లలు సరిగ్గా నేర్చుకోవడం లేదంటే ముందు పంతులు జీతం వైపు చూసిన పాలకుడు, ఆ రోజుల్లో!

ఆయన వేసిన పథకం కూడా తిన్నగానే ఉంది. ప్రతి జిల్లాకూ రెండు పెద్ద బడులు, వాటి మాస్టర్లకు నెలకు 15 రూపాయలు. ప్రతి తహసీలుకూ ఒక బడి, మాస్టరుకు 9 రూపాయలు. వీళ్లందరినీ తయారుచేయడానికి మద్రాసులో ఒక బడి. మరుసటి ఏడాది జూలైలో, కర్నూలు జిల్లా పత్తికొండ దగ్గర కలరా తగిలి మన్రో పోయాడు. తహసీల్దారీ బడుల్ని పదేళ్లకే ఎత్తేశారు. చాలినంత చదువు రాని మాస్టర్లని పెట్టారు, అందుకే బడులు సాగలేదు అన్నారు. వాళ్లకు చదువు చెప్పించడానికి ఎంత ఖర్చుపెట్టారో చూసుకున్నవాళ్లు తక్కువ.

అంతకు ముందు ఇంకో కథ ఉంది. అదీ మద్రాసుదే. 1789లో ఎగ్మూరులో తెల్ల సైనికుల అనాథ పిల్లల ఆశ్రమానికి ఆండ్రూ బెల్ అనే పాదిరి పెద్దగా ఉండేవాడు. మన వీధి బడుల్లో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు రాయడం చూసి, తన బడిలోనూ పెట్టాడు. చెప్పేవాళ్లు చాలక, పెద్ద పిల్లలతోనే చిన్న పిల్లలకు చెప్పించాడు. 1797లో లండన్‌లో దాని మీద పుస్తకం వేస్తే, అది మద్రాసు పద్ధతి పేరుతో ఇంగ్లండంతా పాకింది. ఒక్క మాస్టరు, వందలమంది పిల్లలు. ఇక్కణ్ణుంచి ఇంగ్లండుకు ఎగుమతైన విద్యా విధానం తీరా చూస్తే టీచర్ల ఖర్చు తగ్గించే విధానం కావడం నాకు ఎప్పుడూ తమాషాగానే ఉంటుంది.

ఆ ఆలోచన మనల్ని వదల్లేదు. 1980ల్లో నెలకు 398 రూపాయల మీద స్పెషల్ టీచర్లను తీసుకున్నారు. ఇప్పటికీ వాళ్లను ఆ అంకెతోనే పిలుస్తాం. తర్వాత అప్రెంటిస్ టీచర్లొచ్చారు, విద్యా వాలంటీర్లొచ్చారు. పేరు మారుతుంది గానీ వెనకున్న లెక్క మారదు.

ఇన్‌స్పెక్టరు దొర వస్తున్నాడు

1854లో మన చదువుల మీద కంపెనీ పంపిన ఉత్తర్వు, వుడ్ డెస్పాచ్ తర్వాత టీచర్ శిక్షణ ప్రభుత్వం పనిగా స్థిరపడింది. 1856లో మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు (టీచర్లను తయారుచేసే బడి) పెట్టారు. అదే తర్వాత సైదాపేట టీచర్స్ కాలేజీ అయింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1910లో ట్రైనింగ్ అయింది అక్కడే. మన వైపు 1894లో రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీ వచ్చింది. సైదాపేటలో కాలేజీని ఆనుకుని మోడల్ స్కూలు ఉండేది. టీచర్లను తయారుచేయాలంటే పక్కనే పిల్లలుండాలి అన్న మామూలు జ్ఞానం ఆ కాలానికి ఉంది.

అదే కాలంలో, అదే ప్రభుత్వం, పిల్లలు పరీక్ష పాసైన దాన్ని బట్టి బడికి గ్రాంటు ఇవ్వడం మొదలుపెట్టింది. 1860ల్లో వచ్చిన ఈ పద్ధతిలో ఇన్‌స్పెక్టరు ఏడాదికోసారి వచ్చి పిల్లల్ని పరీక్షిస్తాడు, పాసైన తలకు ఇంత అని డబ్బు. ఇక మాస్టర్లు ఏం చేస్తారు? ఇన్‌స్పెక్టరు అడిగే ప్రశ్నలు బట్టీ పట్టించారు. ట్రైనింగ్‌లో నేర్చుకున్నది ఒకటి, జీతం తెచ్చిపెట్టేది ఇంకొకటి అయినప్పుడు ఏది గెలుస్తుందో చెప్పడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు.

అయితే ఇన్‌స్పెక్టర్లందరూ ఒకటి కాదు. 1900ల మొదట్లో ఉత్తర సర్కారు జిల్లాల బడులకు ఇన్‌స్పెక్టరుగా వచ్చిన జె.ఎ. యేట్స్ తెలుగు క్లాసుల్లో కూర్చుని, జనం మాట్లాడే తెలుగుకీ పుస్తకాల్లోని తెలుగుకీ ఇంత తేడా ఎందుకుంది, పిల్లలకు నేర్పాల్సింది ఏది అని అడిగాడు. ఆ ప్రశ్న గురజాడ దగ్గరకీ, పి.టి. శ్రీనివాస అయ్యంగారు దగ్గరకీ, పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు దగ్గరకీ చేరింది. తర్వాతి కథ, వాడుక భాషా ఉద్యమం, మీకు తెలిసిందే. మీరు ఈ బ్లాగును ఈ భాషలో చదువుతున్నారంటే అందులో, పాఠం జరుగుతుండగా తిన్నగా కూర్చుని విన్న ఒక ఇన్‌స్పెక్టరు పాత్ర కొంచెమైనా ఉంది. రిజల్టు రిజిస్టరు తిరగేస్తే ఆ ప్రశ్న పుట్టేది కాదు.

మూడో వరసలో పిల్ల

నేను టీటీసీ (టీచర్ ట్రైనింగ్ కోర్సు) చేసింది ఊరికి దూరంగా చెట్ల మధ్యన ఉన్న ఒక డైట్‌లో, అంటే జిల్లా టీచర్ శిక్షణ సంస్థలో. మన డైట్‌లు చాలావరకు అంతే: అంగలూరు, బొమ్మూరు, బోయపాలెం, మైనంపాడు, వమరవల్లి, కార్వేటినగరం, బుక్కపట్నం. జిల్లా కేంద్రం వదిలేసి ఇలాంటి చోట్ల ఎందుకు పెట్టారో అని అప్పట్లో విసుక్కునేవాళ్లం. మాకు పక్కనే మోడల్ స్కూలు ఉండేది. దాని హెడ్మాస్టరు బక్కపలచటి మనిషి. లెక్చరర్లు మా లెసన్ ప్లాన్‌లో లక్ష్యాలు, స్పష్టీకరణలు వరసగా ఉన్నాయా లేదా చూసి సంతకం పెట్టేవాళ్లు. ఈయన ప్లాన్ ముట్టుకునేవాడు కాదు. వెనక గోడకి ఆనుకుని కూర్చుని, నోటుబుక్కులో నిలువుగా గీత గీసి, ఎడంపక్క టీచరు ఏమందో, కుడిపక్క పిల్లలు ఏం చేశారో రాసుకునేవాడు.

ఒకరోజు మా బ్యాచ్‌మేట్ ఒకమ్మాయి మూడో తరగతికి తీసివేత చెప్పింది. చార్టులు, పుల్లల కట్టలు, పాట, అన్నీ ఉన్నాయి. అందరం చప్పట్లు కొట్టాం. ఆయన లేచి, "మూడో వరసలో కిటికీ పక్కన కూర్చున్న పిల్ల ఏం రాసిందో చూశావామ్మా?" అన్నాడు. ఆ పిల్ల పలక తెప్పించాడు. 52లోంచి 27 తీస్తే 35 అని ఉంది. మాలో ఒకడు, "తప్పు రాసింది సార్" అన్నాడు. "తప్పని నాకూ కనపడుతోందిరా. ఎలా వచ్చింది ఆ 35?"

కాసేపు ఎవరికీ తట్టలేదు. తర్వాత ఆయనే చెప్పాడు. ఆ పిల్ల రెండులోంచి ఏడు పోదు కాబట్టి ఏడులోంచి రెండు తీసింది, ఐదు. ఐదులోంచి రెండు, మూడు. దానికి పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలన్న నియమం ఒకటి గట్టిగా తెలుసు, దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. అరువు తెచ్చుకోవడం గురించి మళ్లీ పదిసార్లు చెప్పినా లాభం లేదు, ముందు ఆ నియమం ఎక్కడ చెల్లదో పుల్లలతో దానికి దానంతట అది పట్టుకునేలా చేయాలి. ఆయన ఆ పిల్లను పిలిచి, 52 పుల్లలు చేతికిచ్చి, 27 నాకివ్వమ్మా అన్నాడు. పిల్ల పదుల కట్టలు రెండు ఇచ్చింది. ఏడు ఇవ్వడానికి విడి పుల్లలు రెండే ఉన్నాయి. కాసేపు ఆయన మొహంలోకి చూసి, ఇంకో కట్ట రబ్బరు బ్యాండు తీసేసింది. మా అమ్మాయి చార్టులో ఉన్నదీ అదే. కానీ చార్టులో కట్ట విప్పింది టీచరు, ఇక్కడ విప్పింది పిల్ల.

నేను తర్వాత చదువుకున్న సైకాలజీలో సగం మర్చిపోయాను గానీ, పిల్ల తప్పు చేస్తే ఆ తప్పు వెనక ఏ నియమం ఉందో వెతకడం మాత్రం వదల్లేదు. టెట్ పేపర్ వన్‌లో 150 ప్రశ్నలు, అందులో శిశువికాసం, పెడగాజీ (బోధనాశాస్త్రం) మీద 30. ఆ ముప్పైలో ఇలాంటి ప్రశ్న ఒకటీ అరా ఉండొచ్చు, ఉంటే మంచిదే. అయినా నాలుగు ఆప్షన్లలో సరైనదానికి గుర్తు పెట్టడం వేరు, నలభై మంది మధ్యన కిటికీ పక్క పిల్ల పలక మీదికి కన్ను పోవడం వేరు.

రికార్డులు అమ్మబడును

ఇవన్నీ చేయాలని మనవాళ్లకు తెలియదా అంటే, బాగా తెలుసు. ఉమ్మడి రాష్ట్రంలో బ్రిటిష్ నిధులతో ఏపీపెప్ అనే ప్రాథమిక విద్యా ప్రాజెక్టు నడిచినప్పుడు పెట్టుకున్న ఆరు సూత్రాలు ఇప్పటి ఏ ట్రైనింగ్ మాడ్యూల్‌కీ తీసిపోవు. చేస్తూ నేర్చుకోవడం, జట్టుపని, పిల్లల మధ్య తేడాలను పట్టించుకోవడం, పరిసరాలను వాడుకోవడం, పిల్లలు చేసినవి గోడ మీద పెట్టడం లాంటివి. మండలాల్లో టీచర్ సెంటర్లు పెట్టి, టీచర్లను నెలల వ్యవధిలో ఒకచోట కూర్చోబెట్టారు. ప్రాజెక్టు 1996లో ముగిసింది. డబ్బుతో పాటు ఆ ఊపూ పోయింది. టీచర్ సెంటరు మీటింగు కాలక్రమంలో స్కూల్ కాంప్లెక్స్ (చుట్టుపక్కల బడుల) మీటింగయింది. ఇప్పుడక్కడ ఏ యాప్‌లో ఏ వివరం ఎక్కించలేదో చెప్పించుకుని, టీ తాగి వస్తాం.

1986 విద్యావిధానం వల్ల వచ్చిన డైట్‌లలో లెక్చరర్ పోస్టులు ఏళ్ల తరబడి ఖాళీగా ఉండి, డిప్యుటేషన్ల మీద నడిచాయి. ఈలోగా ప్రైవేటు కాలేజీలు పుట్టగొడుగుల్లా లేచాయి. బీఈడీ ఏడాది కోర్సుగా ఉన్న రోజుల్లో, "అటెండెన్స్ అక్కర్లేదు, పరీక్షలకొస్తే చాలు" అన్న మాట బహిరంగంగానే వినపడేది. మా బంధువులబ్బాయి ఒకడు టీచింగ్ ప్రాక్టీస్ రికార్డును, బొమ్మలతో, అట్ట వేసి మరీ, కొనుక్కొచ్చాడు. అందులో అతను ఒక హైస్కూల్లో చెప్పిన పాఠాలన్నీ తేదీలతో సహా ఉన్నాయి. గైడ్ టీచరు అభిప్రాయం కూడా ఉంది: "నల్లబల్ల పని బాగున్నది." ఆ బడి గేటు ఏ రంగో అతనికి తెలియదు. కాలేజీ పేరు అనవసరం, అలాంటివి అప్పట్లో ఏ జిల్లాలో అయినా దొరికేవి.

2012లో జస్టిస్ వర్మ కమిషన్ ఈ సంగతే గట్టిగా చెప్పింది. టీచర్లను తయారుచేసే ప్రతి సంస్థకూ ప్రయోగశాలలా ఒక బడి అనుబంధంగా ఉండాలంది, ప్రభుత్వం డబ్బు పెట్టాలంది, కోర్సు కాలం పెంచాలంది. 2015 నుంచి బీఈడీ రెండేళ్లయింది. మూడు సలహాల్లో సర్కారు జేబులోంచి పైసా పోని సలహా ముందుగా అమలైందని ఒక మిత్రుడు ఎగతాళి చేశాడు. నాకు కాదనడానికి ఏమీ దొరకలేదు.

2018లో టీచర్ శిక్షణను నియంత్రించే ఎన్‌సీటీఈ, బీఈడీ వాళ్లు ప్రాథమిక తరగతులకూ అర్హులే, చేరాక ఆరు నెలల బ్రిడ్జి కోర్సు చేస్తే చాలంది. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు కొట్టేసింది. చిన్నపిల్లలకు చెప్పడం వేరే విద్య, దానికి వేరే శిక్షణ ఉండాలి అని దేశపు పై కోర్టు చెప్పాల్సి వచ్చింది. అప్పటికే మన రెండు రాష్ట్రాల్లో ప్రాథమిక టీచర్లను తయారుచేసే డీఈడీ కాలేజీలు చాలావాటికి తాళాలు పడ్డాయి.

నన్ను నేనే ఎదిరించుకుంటే

ఇంతదాకా రాశాక నాకే కొన్ని అనుమానాలు.

మొదటిది, పాత రోజుల్ని మరీ ముద్దు చేస్తున్నానా? సైదాపేట, రాజమండ్రి కాలేజీల్లో కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ఏ కులాల మగవాళ్లో వేరే చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకు ఆ తలుపు చాలావరకు మిషన్ వాళ్లు తెరిచిందే. గుంటూరులో లూథరన్ మిషన్ నడిపిన ట్రైనింగ్ స్కూల్లో జాషువా పదేళ్లు పంతులుగా పనిచేశాడు. ఊళ్లోకి రానివ్వని మనిషి, రేపు ఊళ్లో పిల్లలకు చదువు చెప్పబోయేవాళ్లకు పాఠం చెప్పాడు. సర్కారు శిక్షణ చరిత్ర రాసేటప్పుడు ఈ పక్క సాధారణంగా మర్చిపోతారు.

రెండోది, పరీక్షను చులకన చేసే హక్కు నాకుందా? ప్రెసిడెంటు గారి సిఫార్సు మీద పోస్టింగులూ, కోపమొస్తే బదిలీలూ నడిచిన పంచాయతీ సమితుల కాలం గురించి మా నాన్న తరం చెబుతుంటే విన్నాను. టీచర్ పోస్టులకు రాతపరీక్ష పెట్టే డీఎస్సీ వచ్చాక కూలీవాళ్ల పిల్లలు, ఇంట్లో మొదటిసారి చదువుకున్నవాళ్లు, ఎవరి కాళ్లూ పట్టుకోకుండా టీచర్లయ్యారు. నేనూ అలా వచ్చినవాణ్ణే. తెలంగాణలో 2024లో 11,062 పోస్టులు, ఆంధ్రాలో 2025లో 16,347 పోస్టులు భర్తీ చేయడానికి రాతపరీక్షను మించిన న్యాయమైన పద్ధతి నా దగ్గర లేదు. 1998 డీఎస్సీ వాళ్లు కొందరు రెండు దశాబ్దాలు దాటాక, జుట్టు నెరిశాక, కాంట్రాక్టు మీద బడికొచ్చారు. అంత ఆలస్యంగానైనా వాళ్లను పిలిపించింది మెరిట్ లిస్టు కాగితమే. కాబట్టి పరీక్ష ఉండాలి. జల్లెడ ఎంత మంచిదైనా పిండి విసరడానికి పనికిరాదు, నా గొడవంతా అదే. గట్టి పోటీలో నెగ్గి వచ్చిన పాతికేళ్ల కుర్రాణ్ణి కొద్దిరోజుల ఇండక్షన్ తర్వాత రెండు తరగతులు కలిపి ఒకే గదిలో వదిలేసి తలుపేస్తున్నాం. ఆ తర్వాత అతను రిటైరయ్యేదాకా, పాఠం చెబుతుంటే పూర్తిగా ఒక్క పీరియడ్ చూసేవాళ్లు ఎవరైనా వస్తారా? నా సర్వీసులో నా క్లాసుకి వచ్చినవాళ్లు అటెండెన్స్ చూశారు, గుడ్ల లెక్క చూశారు, మరుగుదొడ్డి ఫోటో చూశారు.

మూడోది ఖర్చు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఫిన్లాండ్ కథలు చెప్పేవాళ్లు అక్కడ హోంవర్కు ఉండదని చెబుతారు గానీ, 1863లో యువాస్క్యులాలో మొదటి టీచర్ల సెమినరీ పెట్టిన దగ్గర్నుంచి శిక్షణకు అనుబంధంగా బడులు నడుపుతున్నారన్నది వదిలేస్తారు. అది చిన్న దేశం, డబ్బున్న దేశం, నిజమే. కానీ మన డైట్‌ల పక్కన మోడల్ స్కూళ్లకు స్థలాలున్నాయి, కొన్నిచోట్ల బడులే ఉన్నాయి. వాటికి మంచి టీచర్లను ఏరి పంపడం, ఛాత్రోపాధ్యాయులను (శిక్షణలో ఉన్నవాళ్లను) అక్కడ నెలల తరబడి ఉంచడం భరించలేనంత ఖర్చేమీ కాదు. కొత్తగా చేరినవాళ్లకు మొదటి ఏడాది పీరియడ్లు కొన్ని తగ్గించి, అదే మండలంలో ఒక సీనియరుకూ తగ్గించి, వారంలో ఒకసారి ఒకరి క్లాసులో ఒకరు కూర్చునేలా చేయాలన్నది నా కోరిక. ఏకోపాధ్యాయ బడుల్లో ఇది కుదరదు, ఒప్పుకుంటాను. టీచరు పక్కూరు వెళితే ఆ పూట బడికి తాళమే. అక్కడ సీఆర్‌పీలు (కొన్ని బడులకు కలిపి ఉండే సహాయకులు) పిల్లల్ని చూసుకోవాల్సి ఉంటుంది. అది అంత బాగుండదు కూడా.

ఈ మాట స్టాఫ్‌రూమ్‌లో అంటే ముందు ఎదురొచ్చింది మా ఒకటో తరగతి మేడమే. "మాస్టారూ, బాగానే ఉంది గానీ, నా క్లాసులో కూర్చున్న మనిషి బయటికెళ్లి ఏం రాస్తాడో ఎవరికి తెలుసు? మెమో ఇచ్చేవాడూ వాడే, నేర్పించేవాడూ వాడేనంటే నేను నోరు విప్పను. వాడొచ్చిన రోజున నాకు బాగా వచ్చిన పాఠమే చెబుతాను." యూనియన్ నాయకులు కూడా ఇదే అంటారు, వాళ్ల భయం ఉత్తుత్తిది కాదు. వంద ఏళ్ల ఇన్‌స్పెక్షన్ అనుభవం అది. అందుకే నా ప్రతిపాదనకు ఒక షరతు చేర్చాను. వెనక బెంచీలో కూర్చునే మనిషి ఎంఈఓ (మండల విద్యాధికారి) కాకూడదు, ఆఫీసుకు రిపోర్టు పంపే పని ఆయనకు ఉండకూడదు, ఆయన రాసుకున్న నోటుబుక్కు ఆ టీచరుకే ఇచ్చి వెళ్లాలి. మేడమ్ కాసేపు ఆలోచించి, అలాగైతే ముందు మీరే రండి, నా క్లాసులో ఇద్దరు పిల్లలు ఎంత చెప్పినా ఒత్తులు మింగేస్తున్నారు, ఎందుకో నాకూ అంతు చిక్కడం లేదు అన్నారు. టెట్ అయ్యేదాకా మాత్రం కుదరదట.